విశాఖలో ఇల్లు అమ్మేటప్పుడు వచ్చిన బేరం: ఒప్పుకోవాలా, తిరిగి అడగాలా, ఆగాలా?

మధురవాడలో రెండు పడకగదుల ఫ్లాటో, ఎంవీపీ కాలనీలో నాన్నగారి కాలం నాటి ఇల్లో అమ్మకానికి పెట్టిన యజమానికి కొద్ది రోజుల్లోనే రకరకాల కబుర్లు వస్తాయి. ఒకరు బ్యాంకు రుణం తీసుకుని అడిగినంతా ఇస్తామంటారు, కానీ మూడు నెలల గడువు కావాలంటారు. ఇంకొకరు నాలుగు లక్షలు తగ్గిస్తే నెల తిరగకుండా రిజిస్ట్రేషన్ పెట్టుకుందామంటారు. మూడో వ్యక్తి అందరికంటే ఎక్కువ ధర చెప్పి, అందులో కొంత నగదుగా ఇస్తాననీ దస్తావేజులో తక్కువ చూపిద్దామనీ అంటాడు. ఇంట్లో నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటే చర్చ అంతా ఆ మూడు అంకెల చుట్టూనే తిరుగుతుంది. వచ్చిన బేరాలను నోటితో చెప్పిన ధరను బట్టి పోలిస్తే తప్పుడు బేరాన్ని ఎంచుకునే ప్రమాదం ఉంది. ఏ తేదీకి, అన్నీ పోగా ఎంత సొమ్ము, ఎంత ఖాయంగా మీ ఖాతాలోకి చేరుతుందన్నదే అసలైన కొలమానం. ఆ కొలమానంతో ఒక్కొక్క బేరాన్నీ ఎలా చూడాలో కింద వివరిస్తున్నాను.

## ముందుగా మీ కాగితాలు

కొనేవారి సంగతి ఆలోచించే ముందు, మీ ఆస్తి ఎటువంటి కొనుగోలుదారుకు సరిపోతుందో తెలుసుకోవాలి. మంజూరైన ప్లాను ప్రకారం కట్టి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసయోగ్య ధ్రువపత్రం) ఉన్న ఫ్లాటుకు బ్యాంకు రుణం దొరకడం తేలిక. ప్లానులో లేని అదనపు అంతస్తులో ఉన్న ఫ్లాటుకు, లేదా అనుమతి లేని కట్టడాలను జరిమానాతో సరిచేసే బీపీఎస్ పథకం కింద క్రమబద్ధీకరణ జరగని కట్టడానికి బ్యాంకు తరఫు న్యాయవాది దగ్గరే బండి ఆగిపోతుంది. ఆస్తి సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో మీరే ముందుగా చూసుకోవాలి. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల భూముల వివాదం ఏళ్ల తరబడి నలుగుతున్నందున అడవివరం, వేపగుంట వంటి చోట్ల ఇల్లున్నవారు ఈ పరిశీలనను అసలు విస్మరించకూడదు.

ఇల్లు వారసత్వంగా వచ్చిందైతే ఇంకో మెలిక ఉంటుంది. కొనేవారి న్యాయవాది ఆడపడుచులతో సహా వారసులందరి సంతకాలూ అడుగుతాడు, అడగాలి కూడా. అమెరికాలో ఉన్న చెల్లెలి సంతకానికి అక్కడ పవర్ ఆఫ్ అటార్నీ రాయించి ఇక్కడికి తెప్పించుకోవడానికి పట్టే కాలం, కొనుగోలుదారు అడిగిన గడువు కంటే ఎక్కువ కావచ్చు. అటువంటప్పుడు నెలలో రిజిస్ట్రేషన్ కావాలన్న బేరానికి ఎంత మంచి ధర ఉన్నా మీరు దాన్ని నెరవేర్చలేరు.

ఒరిజినల్ దస్తావేజు, లింకు దస్తావేజులు (పాత యజమానుల కాలం నాటివి), తాజా ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇంటి పన్ను రసీదు, మంజూరైన ప్లాను, అపార్ట్‌మెంటు అయితే సంఘం నుంచి బకాయిలు లేవన్న పత్రం ఒక ఫైలులో పెట్టుకున్నాకే బేరసారాలకు కూర్చోవడం మేలు. కాగితాలన్నీ ముందు పెట్టగలిగిన యజమాని దగ్గర కొనుగోలుదారు ధర తగ్గించమని అడగడానికి ఉన్న ఒక పెద్ద సాకు పోతుంది.

## తూచవలసిన నాలుగు విషయాలు

మొదటిది నికరంగా మిగిలేది. చెప్పిన ధరలోంచి మధ్యవర్తి కమీషన్, మీ మీద మిగిలిన గృహరుణం, చేయిస్తానని ఒప్పుకున్న మరమ్మతులు, సంఘం బకాయిలు, ఆదాయపు పన్ను తీసివేస్తే వచ్చేదే అసలు అంకె. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం కలిపి 7.5 శాతం అవుతుంది. దీన్ని ఆనవాయితీగా కొనేవారే భరిస్తారు. "రిజిస్ట్రేషన్ ఖర్చుల్లో సగం మీరు పెట్టుకోండి" అన్న షరతుతో బేరం వస్తే, 70 లక్షల ధర మీద అది మీకు రెండు లక్షల అరవై వేల పైచిలుకు కోత అన్నమాట.

పన్ను విషయం కాస్త నిలిచి చూడాలి. కొన్న తరువాత 24 నెలలు దాటాక అమ్మితే వచ్చిన లాభాన్ని దీర్ఘకాలిక లాభంగా లెక్కిస్తారు. 2024 జులై 23 నుంచి దీని మీద పన్ను రేటు ద్రవ్యోల్బణ సర్దుబాటు లేకుండా 12.5 శాతం. ఆ తేదీకి ముందే కొన్న ఇళ్లకు మాత్రం, దేశంలో నివసించే వ్యక్తులు సర్దుబాటుతో 20 శాతం లెక్క కూడా వేసుకుని, రెండింటిలో తక్కువ పన్ను కట్టవచ్చు. ఉదాహరణకు 2016-17లో 30 లక్షలకు కొన్న ఫ్లాటును 2025-26లో 70 లక్షలకు అమ్మారనుకుందాం. మొదటి పద్ధతిలో 40 లక్షల లాభం మీద పన్ను 5 లక్షలు. రెండో పద్ధతిలో కొన్న ధర 264 నుంచి 376కు పెరిగిన ద్రవ్యోల్బణ సూచీ ప్రకారం సుమారు 42.73 లక్షలవుతుంది, మిగిలిన 27.27 లక్షల మీద 20 శాతం అంటే సుమారు 5.45 లక్షలు. అంటే ఈ యజమానికి మొదటిదే లాభం, దీని మీద సెస్సు అదనం. 2001కి ముందు నుంచీ ఉన్న ఇంటికి 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను, ఆనాటి ప్రభుత్వ విలువకు మించకుండా, కొన్న ధరగా తీసుకోవచ్చు. వచ్చిన లాభంతో రెండేళ్లలోపు ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలోపు కట్టుకున్నా, లేదా ఆరు నెలల్లోపు నిర్ణీత బాండ్లలో 50 లక్షల వరకు పెట్టినా ఆ మేరకు మినహాయింపు ఉంటుంది. కాబట్టి ఒకే ధర ఇద్దరు యజమానులకు వేర్వేరు నికర మొత్తాలను ఇస్తుంది. పక్కింటివారు ఎంతకు అమ్మారన్నది తెలుసుకోవచ్చు గానీ, దాన్ని బట్టి మీకు ఎంత మిగులుతుందో చెప్పలేం.

రెండోది బేరం ఖాయంగా సాగే అవకాశం. కొనేవారి మాటతీరుకంటే వారి డబ్బు ఎక్కడ నుంచి వస్తున్నదో తెలుసుకోవడం దీనికి ముఖ్యం.

మూడోది గడువు, నాలుగోది షరతులు. ఫ్యాన్లు, ఏసీలు, మోడ్యులర్ కిచెన్ వదిలిపెట్టాలా, అద్దెకున్నవారిని ఖాళీ చేయించి ఇవ్వాలా, కారు పార్కింగ్ దస్తావేజులో రాయాలా వంటివి చిన్నవిగానే కనిపిస్తాయి. కానీ అద్దెకున్న కుటుంబానికి పిల్లల పరీక్షలు మార్చిలో ఉంటే, ఫిబ్రవరిలో ఖాళీ ఇల్లు అప్పగిస్తామని రాసి ఇవ్వడం తేలికైన మాట కాదు.

## బ్యాంకు రుణంతో కొనేవారు

విశాఖలో స్టీల్‌ప్లాంటు, పోర్టు, నేవీ, ఐటీ ఉద్యోగుల్లో ఎక్కువమంది ఇలాగే కొంటారు. వీరి వద్ద లభించే ధర సాధారణంగా బాగుంటుంది, సొమ్మంతా బ్యాంకు ద్వారా వస్తుంది. లోపమంతా కాలంలోనూ, మధ్యలో ఆగిపోయే అవకాశంలోనూ ఉంది. రుణం మంజూరుకు న్యాయవాది అభిప్రాయం, ఇంజినీరు విలువ కట్టడం, ఉద్యోగ వివరాల పరిశీలన అన్నీ దాటాలి.

వీరిని అడగవలసిన ఒకే ఒక్క ప్రశ్న, చేతి సొమ్ము ఎంత ఉందన్నది. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 30 లక్షలకు మించి 75 లక్షల వరకు ఉన్న గృహరుణాల్లో ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపకూడదు. 70 లక్షల ఫ్లాటుకు గరిష్ఠంగా 56 లక్షల రుణం వస్తే, కొనేవారు సొంతంగా 14 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 5.25 లక్షలు, అంటే 19 లక్షల పైగా సమకూర్చుకోవాలి. బ్యాంకు ఇంజినీరు ఆస్తికి 65 లక్షలే విలువ కడితే రుణం 52 లక్షలకు దిగి, చేతి సొమ్ము ఇంకో నాలుగు లక్షలు పెరుగుతుంది. "పీఎఫ్ తీస్తాను, ఊళ్లో పొలం అమ్ముతాను" అన్న సమాధానం వస్తే, మీ బేరం ఇంకో బేరం మీద ఆధారపడి ఉన్నదని అర్థం చేసుకోవాలి.

రుణం సూత్రప్రాయంగా మంజూరైన ఉత్తరం చేతిలో ఉన్నవారికీ, ఇంకా దరఖాస్తు చేయనివారికీ ఒకే ధర దగ్గర ఒప్పుకోవడం న్యాయం కాదు. మొదటివారికి లక్ష తగ్గించినా తప్పులేదని నా అభిప్రాయం.

మీ ఇంటి మీదే రుణం మిగిలి ఉంటే కొనేవారి బ్యాంకు నేరుగా మీ బ్యాంకుకు బాకీ చెల్లించే పద్ధతి ఉంది. ఫ్లోటింగ్ రేటు గృహరుణాన్ని ముందుగా తీర్చినందుకు వ్యక్తుల వద్ద జరిమానా వసూలు చేయకూడదు. బాకీ తీరాక 30 రోజుల్లోపు ఒరిజినల్ పత్రాలు ఇవ్వకపోతే, ఆలస్యానికి బ్యాంకే కారణమైనప్పుడు రోజుకు రూ.5,000 చొప్పున పరిహారం చెల్లించాలని 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం అమల్లో ఉంది. ఈ నెల రోజులను కూడా గడువులో కలిపి రాసుకోవాలి.

## చేతిలో సొమ్ముతో, తక్కువ ధరకు

అప్పటికే ఒక ఆస్తి అమ్మినవారు, పదవీ విరమణ సొమ్ము చేతికందినవారు, విదేశాల్లో ఉన్న పిల్లలు పంపిన డబ్బుతో కొనే తల్లిదండ్రులు ఈ కోవలోకి వస్తారు. పూర్తి మొత్తం బ్యాంకు ద్వారా, నెల రోజుల్లో, అయితే అడిగిన ధరకంటే కొంత తక్కువకు. ఇక్కడ ఎంతవరకు తగ్గవచ్చన్నదే ప్రశ్న. దానికి ఒక లెక్క వేద్దాం.

మీ ఫ్లాటు ఖాళీగా ఉంది, దాని మీద 20 లక్షల రుణం 8.5 శాతం వడ్డీతో మిగిలి ఉందనుకుందాం. నెలకు వడ్డీయే 14 వేల పైచిలుకు. రాని అద్దె 14 వేలు, మెయింటెనెన్స్ రెండున్నర వేలు కలిపితే, అమ్మకం ఆగిన ప్రతి నెలా మీకు 30 వేల పైన ఖర్చు. ఇప్పుడు రుణంతో కొనేవారు మూడు నెలల్లో 72 లక్షలు, సిద్ధ సొమ్ముతో కొనేవారు నెలలో 68 లక్షలు ఇస్తామంటున్నారు. తేడా 4 లక్షలు. అదనంగా రెండు నెలలు ఆగినందుకు సుమారు 60 వేలు, పెరిగిన లాభం మీద సెస్సుతో కలిపి పన్ను 52 వేలు తీసేస్తే, 2 లక్షల 88 వేల దాకా మిగులుతుంది. అంటే బేరం సాగితే 72 లక్షలదే స్పష్టంగా మేలు.

సాగకపోతే? మూడు నెలలు పోయాక 68 లక్షలవారు కూడా వేరే ఇల్లు కొనుక్కుని, మిగిలిన బేరం 65 లక్షలదే అయితే, పన్ను తగ్గుదల పోనూ సుమారు మూడున్నర లక్షల నష్టం. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే, రుణం బేరం సాగే అవకాశం సగానికి కాస్త పైన ఉంటే చాలు, ఆగడమే సబబు. అదే తేడా నాలుగు లక్షలు కాక ఒక్క లక్షే అయితే, ఆగిన ఖర్చూ పన్నూ పోను పాతిక వేల పైచిలుకు మాత్రమే మిగులుతుంది. దాని కోసం ఖాయమైన బేరాన్ని వదులుకోవడం తెలివైన పని కాదు. మీ వడ్డీ, మీ అద్దె, మీ పన్ను అంకెలతో ఈ లెక్కను ఒక కాగితం మీద వేసుకుంటే, ఇంట్లో వాదనలు చాలావరకు అక్కడే తీరిపోతాయి.

## కొంత నగదు, కొంత దస్తావేజు

ఈ బేరం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి: ఎంత ధర పలికినా ఒప్పుకోకండి. 75 లక్షల్లో 25 లక్షలు నగదుగా తీసుకుని దస్తావేజులో 50 లక్షలు చూపితే, 25 లక్షల మీద మీకు ఆదా అయ్యే పన్ను సుమారు 3 లక్షల పైచిలుకు. స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి రూ.20,000 లేదా అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం నిషేధించిన పని, తీసుకున్న మొత్తానికి సమానమైన జరిమానా పడవచ్చు, అదీ తీసుకున్న మీ మీదే. మూడు లక్షల కోసం పాతిక లక్షలను పణంగా పెట్టడమన్నమాట.

దస్తావేజు విలువ ప్రభుత్వ మార్కెట్ విలువకంటే బాగా తగ్గితే ఆ లాభం కూడా దక్కదు. ప్రభుత్వ విలువ 65 లక్షలు, దస్తావేజు 55 లక్షలు అనుకుంటే, 10 శాతం సడలింపుతో 60.5 లక్షలు కూడా దాటింది కాబట్టి 65 లక్షలకే అమ్మినట్టు లెక్కించి మీ దగ్గర పన్ను తీసుకుంటారు. పైగా ఆ నగదుతో ఇంకో ఇల్లు కొని మినహాయింపు పొందలేరు, బ్యాంకులో వేయలేరు, ఇంట్లో పెట్టుకుని నిద్రపోలేరు. వచ్చిన లాభంతో ఇల్లు కొనే ఉద్దేశం ఉన్నవారికైతే న్యాయమైన దారిలోనే పన్ను తగ్గే వీలుంది.

## దీర్ఘ గడువు అగ్రిమెంటు

మంచి ధర చెప్పి, రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చి, ఆరు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకుని, "నేను చూపించిన వారి పేరు మీద రిజిస్ట్రేషన్ చేయాలి" అనే వ్యక్తి సాధారణంగా ఇల్లు కొనేవాడు కాడు, మీ ఇంటిని అమ్ముకునేవాడు. ధర పెరిగితే లాభం అతనిది, పెరగకపోతే రెండు లక్షల దగ్గర ఆగిపోతాడు. మీరు మాత్రం ఆరు నెలలు వేరెవరికీ అమ్మలేరు. 2018లో నిర్దిష్ట ఉపశమన చట్టాన్ని సవరించాక, ఒప్పందాన్ని అమలు చేయించమని కోర్టును కోరే కొనుగోలుదారు చేయి మరింత బలపడింది. గడువు దాటినా వివాదం మొదలైతే ఈ ఇంటిని మరొకరు ముట్టుకోరు. పేరు మార్చుకునే వీలు లేకుండా, అడ్వాన్సు కనీసం పదో వంతు ఉండేలా, గడువు రెండున్నర మూడు నెలలకు మించకుండా ఒప్పుకుంటేనే ఈ బేరాన్ని పరిశీలించండి.

## బిల్డరు ఇచ్చే వాటా

సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే కాలనీల్లో 250, 300 గజాల స్థలంలో పాత ఇల్లున్నవారి దగ్గరకు కొనుగోలుదారుకంటే ముందు బిల్డరు వస్తాడు. అమ్మవద్దు, డెవలప్‌మెంటుకు ఇవ్వండి, ఇన్ని ఫ్లాట్లు మీకు అంటాడు. కాగితం మీద దీనంత ఆకర్షణీయమైన బేరం ఇంకోటి ఉండదు, ఎందుకంటే అమ్మకపు ధరకంటే మీ వాటా ఫ్లాట్ల విలువ చాలా ఎక్కువ కనిపిస్తుంది. అయితే ఆ విలువ రెండు మూడేళ్ల తరువాతది. 300 గజాలంటే సుమారు 250 చదరపు మీటర్లు, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో కట్టే చిన్న ప్రాజెక్టులకు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) నమోదు తప్పనిసరి కాదు కనుక ఆ చట్టం రక్షణ మీద భరోసా పెట్టుకోలేరు. వ్యక్తిగత యజమానికి రిజిస్టరైన డెవలప్‌మెంటు ఒప్పందంలో మూలధన లాభం పన్ను భవనం పూర్తయిన ధ్రువపత్రం వచ్చిన సంవత్సరంలో పడుతుందన్నది ఒక వెసులుబాటు.

డెబ్బై దాటిన దంపతులు, వైద్యానికి సొమ్ము అవసరమైనవారు, విదేశాల నుంచి పర్యవేక్షించవలసినవారు దీనికి దూరంగా ఉండడమే మంచిది. ఊళ్లోనే ఉండి, వేరే ఆదాయం ఉండి, ఆ బిల్డరు అంతకుముందు అప్పగించిన రెండు మూడు భవనాల్లో స్థల యజమానులను కలిసి మాట్లాడగలిగినవారు ఆలోచించవచ్చు. కట్టినంతకాలం అద్దె ఎవరు ఇవ్వాలి, ఏ ఫ్లాటు ఎవరిది అన్నది పేరుపేరునా ఒప్పందంలో ఉండాలి.

| బేరం | ధర | సాగే అవకాశం | పట్టే కాలం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| బ్యాంకు రుణం | మంచిది | కాగితాలు, చేతి సొమ్ము బట్టి | రెండు మూడు నెలలు | తొందర లేనివారికి, పత్రాలు శుభ్రంగా ఉన్నవారికి |
| సిద్ధ సొమ్ము | కొంత తక్కువ | ఎక్కువ | సుమారు నెల | రుణభారం, ఖాళీ ఇల్లు, వైద్య అవసరం ఉన్నవారికి |
| కొంత నగదు | పైకి ఎక్కువ | ఎలా ఉన్నా వద్దు | తక్కువ | ఎవరికీ కాదు |
| దీర్ఘ అగ్రిమెంటు | ఎక్కువ | తక్కువ | ఆరు నెలలు, ఆపైన | గట్టి షరతులు పెట్టగలిగినవారికి |
| బిల్డరు వాటా | అన్నింటికంటే ఎక్కువ, తరువాత | బిల్డరును బట్టి | ఏళ్లు | ఊళ్లో ఉండి వేచి ఉండగలిగినవారికి |

## ఆగడం

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో భారీ డేటా కేంద్రం పెడతామని ప్రకటించాక, భోగాపురం విమానాశ్రయం పనులు సాగుతుండగా, ఉత్తరం వైపు ఇళ్లున్న ప్రతి యజమానికీ "ఇంకో ఏడాది ఆగితే" అన్న ఆలోచన రావడం సహజం. ఆ ఆశలో న్యాయం లేదని అనను. కానీ ఖాళీ స్థలానికి వచ్చే పెరుగుదల పాత ఫ్లాటుకు అదే నిష్పత్తిలో రాదు. ఫ్లాటు విలువలో కట్టడం భాగం ఏటేటా తరుగుతుంది, పెరిగేది దానికున్న అవిభక్త స్థల వాటా మాత్రమే. కొమ్మాదిలో కొత్త ఫ్లాట్లు వందల్లో అమ్మకానికి ఉన్నప్పుడు పదిహేనేళ్ల ఫ్లాటు వాటితో పోటీ పడాలి. సముద్రానికి దగ్గరగా ఉంటే తేడా కంటికే తెలుస్తుంది: బాల్కనీ గ్రిల్ పైరంగు కింద పొక్కులు, సన్‌షేడ్ అడుగున ఇనుప ఊచ పొడవునా గోధుమరంగు గీత, అక్కడక్కడ ఊడిన పెచ్చు. కొనడానికి వచ్చినవారు ఆ గీత దగ్గరే వేలు పెట్టి రెండు లక్షలు తగ్గించమంటారు. మేస్త్రీ చేత అంచనా రాయించి ఉంచుకుంటే, నలభై వేల పనికి రెండు లక్షలు ఎందుకు తగ్గాలని అడగగలుగుతారు.

నెలకు 30 వేల ఖర్చున్న ఇంటికి ఏడాది ఆగడం అంటే 3.6 లక్షలు. ధర అంతకు మించి, అదీ పన్ను పోగా, పెరుగుతుందన్న నమ్మకం ఉంటేనే ఆగండి. ఇంట్లో అద్దెకున్నవారుండి రుణం లేనివారికి ఈ ఖర్చు చాలా తక్కువ, వారు నింపాదిగా ఆగవచ్చు. ఆషాఢంలో, పుష్యంలో బేరాలు మందగిస్తాయి గనుక ఆ నెలల్లో ఎవరూ రాలేదని కంగారుపడి ధర దించడం అనవసరం. శ్రావణం, మాఘం వచ్చాక చూడవచ్చు. మరోవైపు ఆషాఢంలోనే వచ్చి అడ్వాన్సు ఇస్తామన్నవారు నిజంగా ఇల్లు కావలసినవారై ఉంటారు, వారిని తేలిగ్గా పంపించకూడదు.

ఇల్లు కొని ఇంకా రెండేళ్లు నిండని యజమానికి మాత్రం ఆగడంలో ఖచ్చితమైన లాభం ఉండవచ్చు. 24 నెలల లోపు లాభం మీ ఆదాయపు శ్లాబు ప్రకారం పన్నుకు గురవుతుంది. ఒకటి రెండు నెలలే మిగిలి ఉంటే, రిజిస్ట్రేషనూ ఇంటి స్వాధీనమూ రెండూ ఆ తేదీ తరువాతే జరిగేలా ఒప్పందం రాసుకోవడం మంచిది.

## మీరు విదేశంలో ఉంటే

ప్రవాస యజమానికి ఒకే విషయం మిగిలినవాటన్నింటికంటే ముఖ్యం. దేశంలో ఉన్నవారు 50 లక్షలు, ఆపైన ధరకు అమ్మితే కొనేవారు 1 శాతం మాత్రమే టీడీఎస్ (మూలంలోనే కోసే పన్ను) కోసి కడతారు, అది మీ పన్నులో సర్దుబాటవుతుంది. ప్రవాసుల విషయంలో 12.5 శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్సు కలిపి కోస్తారు, అదీ తక్కువ కోతకు ముందుగా ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోకపోతే మొత్తం ధర మీద కోయడమే ఆచరణలో జరుగుతుంది. ఆ ధ్రువపత్రం వచ్చేదాకా ఆగగలిగిన కొనుగోలుదారు రెండు లక్షలు తక్కువ ఇచ్చినా మీకు మేలే. తొందరపడేవారితో బేరం కుదిరితే మీ సొమ్ము రిటర్ను దాఖలు చేసి రిఫండు వచ్చేవరకు ఇరుక్కుంటుంది.

## తిరిగి అడగడం

వచ్చిన బేరానికి ఔను, కాదు అన్న రెండే సమాధానాలు ఉండవు. తిరిగి అడిగేటప్పుడు ధర ఒక్కటే అడగడం విశాఖలో అందరూ చేసే పని, కానీ కొనేవారికి ధర దగ్గర మొండితనం ఉంటే గడువు, అడ్వాన్సు, షరతుల దగ్గర వెసులుబాటు ఉంటుంది. 70 లక్షలకు మించనని చెప్పినవారిని అడ్వాన్సు 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచమని, 90 రోజులను 60 రోజులు చేయమని, మోడ్యులర్ కిచెన్‌కు విడిగా ఇవ్వమని అడగవచ్చు. ఇంకొకరి బేరం ఉందని అబద్ధం చెప్పవద్దు. ఉంటే ఉన్నదని, అంకె చెప్పకుండా, ఇద్దరికీ ఒకే తేదీలోపు ఆఖరి మాట చెప్పమనడం గౌరవంగా ఉంటుంది.

సిద్ధాంతిని తీసుకొచ్చి చూపించుకోవడం, న్యాయవాదికి జిరాక్సులు ఇవ్వడం, ఇంజినీరును తెచ్చుకోవడం ఇవన్నీ అడ్వాన్సుకు ముందే ముగించుకోమని కొనేవారికి మర్యాదగా చెప్పండి. ఈశాన్యం మూలలో మరుగుదొడ్డి ఉందని అడ్వాన్సు ఇచ్చాక తెలుసుకుని వెనక్కి అడిగే సందర్భాలు ఇరుపక్షాలకూ మనస్తాపమే మిగులుస్తాయి.

## ఒప్పుకున్నాక రాతలో ఉండవలసినవి

పదకొండు వేల నూట పదహార్లు తాంబూలంలో పెట్టి "మాట ఖాయం, బాబాయ్‌గారూ" అని వెళ్లిపోవడం మన దగ్గర బాగా ఉన్న పద్ధతి. ఆ సొమ్ము తీసుకున్న పూటే ఒక చిన్న కాగితం రాసుకోవాలి. లేకపోతే ఎంతకు మాట అయిందో, ఎన్ని రోజులకో రెండు వారాల తరువాత ఎవరి జ్ఞాపకం వారిది. అసలు అగ్రిమెంటులో రుణం రాకపోతే ఏమవుతుందన్న వాక్యం తప్పక ఉండాలి. ఇలా రాసుకోవచ్చు: "ఈ ఒప్పందం తేదీ నుంచి 45 రోజులలోపు కొనుగోలుదారునికి బ్యాంకు రుణం మంజూరు కానిచో, ఆ కారణం అమ్మకందారుని పత్రాల లోపం కానప్పుడు, అడ్వాన్సులో రూ.50,000 మినహాయించుకుని మిగతా సొమ్మును 15 రోజులలో తిరిగి చెల్లించి ఒప్పందం రద్దయినట్లు ఇరువురూ అంగీకరిస్తున్నారు." గడువు దాటితే అడ్వాన్సు మొత్తం మీదేనని రాసుకున్నంత మాత్రాన అది నిలుస్తుందనుకోవద్దు, కోర్టులు సహేతుకమైన మొత్తాన్నే ఒప్పుకుంటాయి. పెద్ద అడ్వాన్సు తీసుకుని అంతా ఖర్చు పెట్టుకోవడం కూడా ఇందుకే ప్రమాదం.

ఇక తాళాల సంగతి. శ్రావణంలో మంచి ముహూర్తం ఉంది, రిజిస్ట్రేషన్ వచ్చే నెలలో ఉన్నా పాలు పొంగించుకుంటాం, తాళాలు ఇవ్వండి అని కొనేవారు అడుగుతారు. అడిగేది పెద్దవారైతే కాదనడం కష్టం. ఆ ఒక్క పూట పూజకు తలుపు తీసి ఇచ్చి, సాయంత్రం తాళం తిరిగి తీసుకోవడం వేరు, సామాను దింపుకోనివ్వడం వేరు. పూర్తి సొమ్ము అందక ముందు స్వాధీనం ఇస్తే మిగిలిన డబ్బు కోసం తిరగవలసింది మీరే, పన్ను లెక్కలో అమ్మకం తేదీ కూడా రిజిస్ట్రేషన్‌కంటే ముందే పడవచ్చు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వేలిముద్ర వేసే ముందు ఆన్‌లైన్ జమ మీ ఖాతాలో కనిపించిందో లేదో, డీడీ అయితే జారీచేసిన శాఖకు ఫోన్ చేసి నిజమైనదేనా అన్నదీ చూసుకుని, ఆ నంబరు దస్తావేజులో రాయించిన తరువాతే తాళాల గుత్తి చేతికివ్వండి.